డిటెక్టివ్ నవలల క్లబ్బు: ఆరేళ్ల వాడకం తర్వాత

డిటెక్టివ్ నవల ఒక్కరే చదివితే ఒక మధ్యాహ్నానికి అయిపోతుంది. ఊళ్లో పదిమంది కలిసి చదివితే నెలంతా వస్తుంది. ఆరేళ్లు ఇలాంటి క్లబ్బు నడిపాక మాకు తేలింది ఒకటే: మజా చదవడంలో కన్నా సరైన చోట ఆపడంలో ఎక్కువ.

హంతకుడి పేరు బయటపడే అధ్యాయానికి ముందే పుస్తకం మూసెయ్యాలి. మిగిలిన పేజీలకు మూడు వేళ్ల వెడల్పు కాగితం పట్టీ చుట్టి నూలుదారంతో కట్టాలి. సెల్లోటేపు వద్దు, పాత న్యూస్‌ప్రింటు మీంచి తీస్తే అక్షరాలతో సహా ఊడొస్తుంది. రబ్బరు బ్యాండు ఎండలకు జిగురైపోయి అట్టకు పట్టేస్తుంది. ఆ తర్వాత తలా ఒక చీటీ: హంతకుడెవరు, ఎలా చేశాడు, ఆధారం ఏ పేజీలో ఉంది. పేరుకు 1 మార్కు, పేజీకి 3. పేరుకే మార్కులన్నీ ఇచ్చేస్తే, అనుమానం రాని మనిషెవరో చూసి ఆ పేరు గిలికేసి గెలిచేస్తారు.

పేజీ నంబరు అడిగితే రచయిత దొంగాట కూడా దొరికిపోతుంది. డిటెక్టివ్‌కు కనిపించిన ఆధారాన్ని పాఠకుడికీ చూపించాలని ఇంగ్లండ్‌లో డిటెక్టివ్ నవలల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లోనే నియమం రాశాడు. మన పాకెట్ బుక్కుల్లో కొన్ని దాన్ని ఖాతరు చెయ్యవు. డిటెక్టివ్ ఎవరికో ఫోన్ చేస్తాడు, అవతలివాళ్లేమన్నారో మనకు చెప్పరు, చివర్లో కేసు తేలేది ఆ ఫోన్‌తోనే. ఆ నెల చీటీలన్నీ సున్నాలే. రచయితను తిట్టుకోవడం మాత్రం రాత్రి దాకా సాగుతుంది.

పుస్తకం ఎంపికలో గొడవ తప్పదు. కొమ్మూరి సాంబశివరావు నవలల్లోని డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు ఉంటే చీటీల ఆట రక్తి కడుతుంది. మధుబాబు నవలల గూఢచారి హీరో షాడో వచ్చాడంటే చీటీ పక్కన పెట్టాల్సిందే. అక్కడ ఎవరు చేశారన్నది కాదు, షాడో ఎలా బయటపడతాడన్నదే ప్రశ్న. రెండు వర్గాల్నీ ఒకే సమావేశంలో కూర్చోబెట్టకండి.

అసలు ఇబ్బంది కాపీలది. పాత పుస్తకం సాధారణంగా ఒక్కటే దొరుకుతుంది. మనిషికి 4 రోజుల లెక్కన పదిమందికి 40 రోజులు, నెలవారీ సమావేశం అక్కడే దెబ్బ తింటుంది. పదోవాడు చదివేసరికి మొదటివాడు పాత్రల పేర్లే మర్చిపోతాడు. ఒక కాపీకి ఐదుగురికి మించకుండా చూసుకుని, పాత్రల పేర్ల కాగితం ఒకటి పుస్తకంలోనే పెట్టండి.

అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీదయినా, విజయవాడ లెనిన్ సెంటర్లోనయినా డబ్బులిచ్చే ముందు చివరి పేజీ ఉందో లేదో చూడండి. తర్వాత పేజీ నంబర్లు వరుసగా తిప్పండి. ఒక ఫారం, అంటే కలిపి అచ్చేసి మడిచిన పేజీల కట్ట, రెండుసార్లు కుట్టి ఇంకోటి వదిలేసిన పుస్తకాలు తగులుతుంటాయి, ఒక్కసారే 16 పేజీలు పోతాయి. అద్దె లైబ్రరీ ముద్ర ఉంటే అంచులు కూడా చూడాలి. ఏ 23వ పేజీలోనో పాత్ర పేరు కింద గీత గీసి 'వీడే' అని బాల్‌పెన్నుతో రాసి పెట్టిన పుణ్యాత్ములున్నారు.

చివరి ఫారం లేని పుస్తకాన్ని మాత్రం వదలొద్దు, బేరమాడితే సగానికే వస్తుంది. చివరి అధ్యాయం తలా ఒక పేజీ రాసుకొచ్చి వరుసగా చదవండి. ఆ రోజు టీ రెండుసార్లు పెట్టాల్సొస్తుంది.