నీళ్లు చూసుకుని బయలుదేరండి: బేలుం, అవుకు, గండికోట

అనంతపురం వాళ్లకు సముద్రం ఏ దిక్కున చూసినా ఒక రాత్రి ప్రయాణమే. పిల్లలు బోటు ఎక్కాలి, కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) నడపాలి అని గోల పెట్టినప్పుడల్లా గోకర్ణ అనుకుంటాం, సూర్యలంక అనుకుంటాం. సెలవులు, ఖర్చు లెక్కేసుకుని ఊరుకుంటాం. ఈసారి మా బావమరిది కుటుంబం బెంగళూరు నుంచి వస్తామన్నప్పుడు సముద్రం మాట పక్కన పెట్టి, తాడిపత్రి దాటితే మొదలయ్యే నీళ్ల వైపు బండి తిప్పాం. బేలుం గుహలు, అవుకు జలాశయం, పెన్న లోయ అంచున గండికోట. ఇప్పటి లెక్కలో మొదటి రెండూ నంద్యాల జిల్లా, మూడోది కడప జిల్లా. మా అమ్మకు మాత్రం అవుకు ఇప్పటికీ కర్నూలు జిల్లానే.

ఇలాంటి ప్రయాణానికి అందరూ ముందు రూము వెతుకుతారు. నేనైతే ముందు నీళ్లు చూడమంటాను. ఈ జలాశయాల్లో నీళ్లు మన వానలతో నిండేవి కావు. పైన మహారాష్ట్ర, కర్ణాటకల్లో వానలు పడి కృష్ణకు వరద రావాలి, శ్రీశైలం నిండాలి, పోతిరెడ్డిపాడు దగ్గర గేట్లు ఎత్తాలి. ఆ నీళ్లు బానకచర్ల, గోరకల్లు మీదుగా సొరంగాలు దాటి అవుకుకు, అక్కడి నుంచి గాలేరు నగరి కాలువలో గండికోటకు వస్తాయి. అవుకు సామర్థ్యం 4.15 టీఎంసీలు, గండికోటది 26.85 టీఎంసీలు. అనంతపురంలో చినుకు పడని ఏడాది కూడా గండికోట నిండుగా ఉండొచ్చు. మన దగ్గర చెరువులు అలుగు పారిన ఏడాదీ అవుకు వెలవెలబోవచ్చు. కాబట్టి ఆగస్టు నుంచి పేపర్లో శ్రీశైలం మట్టం వార్త చదువుతుంటే చాలు, చలికాలం ట్రిప్పు ఎట్లుంటుందో ముందే తెలిసిపోతుంది.

ఇంకోటి గాలి. ఆషాఢం గాలి సంగతి మన వాళ్లకు చెప్పక్కర్లేదు, ఆ గాలిని నమ్ముకునే కదా ఈ కొండల మీద గాలిమరలు పెట్టింది. జూన్, జూలైల్లో బోటు కోసం వస్తే గట్టున నిలబడి అలలు లెక్కపెట్టుకోవాల్సిందే. కార్తీకం నుంచి శివరాత్రి దాకా మంచి సమయం. నీళ్లుంటాయి, గాలి తగ్గుతుంది, ఎండ కూడా భరించేటట్టు ఉంటుంది. మేం డిసెంబరులో, క్రిస్మస్ సెలవుల రద్దీ మొదలు కాకముందే వెళ్లాం.

బేలుం గురించి ఎక్కువ చెప్పను, చాలామంది చూసే ఉంటారు. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో మనం నడవగలిగేది కిలోమీటరున్నర. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాస్తే, 1980లలో జర్మన్ల బృందం లోపలికంతా పోయి కొలతలు తీసింది. లోపల దొరికిన బౌద్ధుల కాలపు వస్తువులు కొన్ని మా అనంతపురం మ్యూజియంలోనే ఉన్నాయి, అయినా మా వీధిలో ఎంతమంది చూశారో అనుమానమే. లోపల చల్లగా ఉంటుందని అనుకోవద్దు. ఉక్క. గాలి గొట్టాలు పెట్టినా గుహల అడుగున పారే పాతాళగంగ దాకా దిగి ఎక్కేసరికి చొక్కా తడిసిపోతుంది. పాతాళగంగ నేలమట్టానికి 46 మీటర్ల లోతున ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు మొదటి పెద్ద గదులు చూసి వెనక్కి వచ్చేయడం మేలు, అమ్మ అట్లనే చేసింది. గేటు తీయగానే వెళ్లండి. పదకొండు దాటితే స్కూలు బస్సులు దిగుతాయి, ఇక రాళ్లను తడితే స్వరాలు పలికే సప్తస్వరాల గుహలో స్వరం తప్ప అన్నీ వినిపిస్తాయి.

దారి మాట ఒకటి. తాడిపత్రి నుంచి కొలిమిగుండ్ల దాకా సిమెంటు ఫ్యాక్టరీల లారీలు, బండల లారీలు. చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద కారు నడపడం నాకు ఇష్టం లేదు, మీకూ వద్దంటాను.

అవుకులో పర్యాటక శాఖ బోటింగ్ ఉంది. చుట్టూ ఎర్రమల కొండలు, మధ్యలో నీలం నీళ్లు, గట్టు మీద పెద్దగా దుకాణాలు లేవు. మేం పోయిన సాయంత్రం అల్పపీడనం గాలి. బోటు కట్టేసి ఉంది. "యాడికి సార్ ఇంత గాలిలో? రేపు పొద్దున రాండి, నేనే తిప్పుతా" అన్నాడు అక్కడి అతను. బావమరిదికి కోపం వచ్చింది, అంత దూరం నుంచి వచ్చామని కాసేపు వాదించాడు. నాకైతే ఆ మనిషి మీద నమ్మకం కుదిరింది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు ఎన్ని కుటుంబాలు పోయాయో గుర్తున్న వాళ్లెవరూ గాలిలో బోటు వదలమని అడగరు. డబ్బులు పోతాయని తెలిసీ బోటు ఆపిన చోటే మనం ఎక్కాలి.

ఆ రాత్రి బనగానపల్లెలో లాడ్జిలో ఉన్నాం. రూము శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, అంతకు మించి చెప్పడానికేమీ లేదు. మామిడికాయల కాలం కాదు కాబట్టి బనగానపల్లె వచ్చిన లాభం యాగంటి పుష్కరిణి ఒక్కటే. అమ్మ పట్టుబట్టడంతో తెల్లవారుజామునే వెళ్లొచ్చాం. కొండలోంచి వచ్చే ఆ నీళ్లలో మునక వేసి చలికి వణుకుతూనే ఇదే అసలు నీళ్ల ట్రిప్పు అంది.

తిరిగి అవుకు చేరేసరికి నీళ్లు అద్దంలా ఉన్నాయి. బోటు ఒక చుట్టు తిరిగి రావడానికి ఎక్కువసేపు పట్టదు, పిల్లలు అప్పుడే అయిపోయిందా అన్నారు. లైఫ్ జాకెట్లు పెద్దల సైజువే ఎక్కువ. చిన్న మేనల్లుడికి భుజాల మీంచి జారిపోతుంటే తాళ్లు అడ్డంగా బిగించి కట్టాల్సి వచ్చింది. ఐదారేళ్ల పిల్లలున్న వాళ్లు సొంతంగా చిన్న జాకెట్ ఒకటి కొనుక్కుని పోవడం మంచిది. ఇది అవుకుకే కాదు, మన రాష్ట్రంలో ఏ బోటుకైనా వర్తిస్తుంది. తిండి అక్కడ ఆశించొద్దు. బనగానపల్లెలో ఉగ్గాని, బజ్జీ కట్టించుకుని పోయాం, గట్టు మీద కూర్చుని తిన్నాం.

ఇక గండికోట. ఎక్కడ ఉండాలనే దాని మీదే ఈ ప్రయాణంలో పెద్ద గొడవ జరిగింది. అమ్మకు, మా ఆవిడకు కోట దగ్గరి పర్యాటక శాఖ హరిత హోటల్ కావాలి. బావమరిదికి, పిల్లలకు గుడారం కావాలి. చివరికి ఇల్లు రెండుగా చీలింది. ఆడవాళ్లు హరితలో, మేం ప్రైవేటు క్యాంపులో.

ఆ క్యాంపు ఫోటోల్లో గుడారం లోయ అంచున ఉంటుంది, జిప్ తీస్తే కింద పెన్న కనిపిస్తుంది. తీరా చూస్తే మా గుడారం శనగ చేను పక్కన, లోయకు చాలా దూరంలో. అడిగితే "అంచున వేయనీరు సార్, ఫోటో పాతది" అన్నారు. వేయనీయకపోవడం న్యాయమే, అక్కడ కంచె లేదు, రాత్రిపూట అడుగు జారితే అంతే. పాత ఫోటో పెట్టి కొత్త డబ్బులు తీసుకోవడం మాత్రం న్యాయం కాదు. అందరికీ కలిపి రెండే బాత్రూములు. పక్క గుంపు స్పీకరు అర్ధరాత్రి దాకా మోగింది. శనివారం కావడం దీనికి సగం కారణం. వారాంతంలో ఇక్కడ బెంగళూరు, హైదరాబాదు బండ్లే ఎక్కువ. మంగళవారమో బుధవారమో పోతే అదే గుడారంలో నక్షత్రాలు చూస్తూ పడుకోవచ్చు, అదీ నిజమే. బుక్ చేసే ముందు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: లోయ ఎంత దూరం, బాత్రూములు ఎన్ని, స్పీకరు ఎన్నింటికి ఆపుతారు. జవాబు తడబడితే వదిలేయండి.

హరితలో రూములు పాతబడ్డాయి, భోజనం ఆలస్యంగా వచ్చిందట. కానీ తలుపుకు గడియ ఉంది, బాత్రూము ఉంది, పెద్దవాళ్లకు అదే కావాలి. అది దొరకకపోతే జమ్మలమడుగులో లాడ్జి తీసుకుని తెల్లారక ముందే బయలుదేరడం నయం, దూరం పదిహేను కిలోమీటర్ల చిల్లరే. ఉత్సవాల రోజుల్లో ఇవేవీ దొరకవు. గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో దాదాపు 78 కోట్లు మంజూరు చేసింది. ఆ డబ్బుతో ముందు నాలుగు మంచి టాయిలెట్లు కడితే చాలని మా ఆవిడ అభిప్రాయం.

నీళ్ల సంగతికి వస్తే, కొత్తవాళ్లు ఇక్కడ ఒకటి తికమక పడతారు. కోట మీంచి కనిపించే లోయలోని నీళ్లు, గండికోట ప్రాజెక్టు నీళ్లు ఒకటి కావు. ప్రాజెక్టు ఆనకట్ట కోటకు ఎగువన ఉంది. లోయలో నిలిచేది దిగువనున్న మైలవరం డ్యామ్ వెనక నీళ్లు. ఎగువ జలాశయం నిండుగా ఉందని పేపర్లో చదివి వచ్చినా, లోయలో నీళ్లు అడుగంటి ఉండొచ్చు. కయాకింగ్‌కు వచ్చేవాళ్లు అందుకే లోయలో మట్టం ఎట్లుందో విడిగా కనుక్కోవాలి. ఎగువ జలాశయం అంటే సరదా నీళ్లు మాత్రమే కాదు, దాని కింద తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగాయి. మాకు టీ పోసినాయన ఆ ఊరాయనే. ఆయన నీళ్ల వైపు చూసే చూపు వేరు.

మేం కయాక్ ఎక్కింది పొద్దున్నే. కొండ దిగే దారి అంతా వదులు రాళ్లు, చెప్పులతో దిగడం కుదరదు, బూట్లు ఉండాలి. ఇద్దరు కూర్చునే కయాక్‌లు, ముందు పదినిమిషాలు ఒడ్డునే తెడ్డు పట్టడం నేర్పించారు. నేర్పిన కుర్రాడు ఓపికమంతుడు, పిల్లలను ఒంటరిగా వదలలేదు, గుడారం మీద పోయిన మార్కులు క్యాంపుకు ఇతని వల్ల సగం తిరిగి వచ్చాయి. లోయ మధ్యకు పోయి తెడ్డు ఆపితే రెండు వైపులా ఎర్రటి గోడలు, జొన్న రొట్టెలు దొంతర పేర్చినట్టు పొరలు పొరలుగా. భూగర్భ శాస్త్రంలో ఈ రాతికి గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు. పై నుంచి సెల్ఫీలు దిగేవాళ్లు చీమలంత కనిపిస్తారు. కోటను కట్టినవాళ్లు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో కింది నుంచి చూస్తేనే అర్థమవుతుంది, ఈ వైపు గోడ కట్టాల్సిన పనే లేదు. కోటను ఏలిన పెమ్మసాని నాయకుల చేతిలోంచి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని తీసుకోవడానికి ఫిరంగులు పైకి లాగించాల్సి వచ్చింది. 1652లో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే ఆయన్ని ఇక్కడే కలిశాడు.

తొమ్మిది దాటాక లోయలో గాలి మొదలవుతుంది, తిరిగి వచ్చేటప్పుడు తెడ్డు బరువెక్కింది. అందుకే ఆరున్నర, ఏడుకు నీళ్లలో ఉండేటట్టు చూసుకోండి. సూర్యోదయం లోయ అంచు నుంచి చూసి తర్వాత కయాక్ అనుకుంటే రెండూ సగం సగమే అవుతాయి. ఒకటి ఎంచుకోవాలి, నా ఓటు కయాక్‌కే. ఈత మాత్రం ఎంత వచ్చినా వద్దు. రాతి అంచు దాటగానే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది.

కోట లోపల మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం పక్కపక్కనే. సాయంత్రం ఎండ వాలాక రెండు గంటలు నడిస్తే తృప్తిగా ఉంటుంది. తినేవి చేతిలో పట్టుకోవద్దు, కోతులు లాక్కుంటాయి. డబ్బు జమ్మలమడుగులోనే తీసుకోండి, కోట దగ్గర సిగ్నల్ ఉన్నప్పుడే ఫోన్ పే. భోజనానికి కూడా జమ్మలమడుగే నయం. సంగటి, నాటుకోడి పులుసు తిని బావమరిది గుడారం గొడవ మరిచిపోయాడు.

తిరుగు దారిలో తాడిపత్రి ఎట్లాగూ తగులుతుంది. చింతల వెంకటరమణ స్వామి గుడి, పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి, రెండూ చూడదగ్గవే, రాతి పని కోసమే ఒక పూట కేటాయించవచ్చు. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి గండికోటలో టిఫిన్ కాగానే బయలుదేరితే అందుకుంటారు, లేదంటే సాయంత్రం తెరిచేదాకా ఊళ్లో భోంచేసి ఆగాలి.