ప్రోకాల్సిటోనిన్ పరీక్ష: ఒక్క అంకె చాలదు

సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితి) రోగి పరిస్థితి ఎటు వెళ్తోందో అంచనా వేయడానికి ప్రోకాల్సిటోనిన్ (బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌లో రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్) పరీక్ష నిజంగా అక్కరకు వస్తుంది, కానీ ఒక్కసారి చేయించి వదిలేస్తే పెద్దగా ప్రయోజనం ఉండదు. రక్తంలో దీని అర్ధాయువు (స్థాయి సగానికి తగ్గే సమయం) దాదాపు 24 గంటలు కనుక, చికిత్స పనిచేస్తుంటే అంకె రోజురోజుకూ దిగాలి. గరిష్ఠ స్థాయి నుంచి 80 శాతం తగ్గినా, మిల్లీలీటరుకు 0.5 నానోగ్రాముల దిగువకు వచ్చినా, రోగి పరిస్థితి కూడా మెరుగైతే యాంటీబయాటిక్ ఆపే ఆలోచన చేయవచ్చు. దిగకుండా మొండికేస్తే, ఎక్కడైనా చీము మిగిలిందేమోనని వెతకాలి. పెద్ద శస్త్రచికిత్సల తర్వాత, కాలిన గాయాలలో, ఇన్ఫెక్షన్ లేకున్నా ఇది పెరగవచ్చు. లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) అయితే మంచం పక్కనే, రక్తంలోని వాయువులను కొలిచే బ్లడ్ గ్యాస్ యంత్రంలో నిమిషాల్లో తేలుతుంది. తొలి గంటల్లో నేను దానికే ప్రాధాన్యం ఇస్తాను. మేము రక్తం పంపే ల్యాబ్ ప్రోకాల్సిటోనిన్ రిపోర్టును మరునాటికి గానీ ఇవ్వదు. ఇంత ముఖ్యమైన పరీక్షకు ఆ జాప్యం ఏమాత్రం తగదు.