అడవి చికిత్సలో రెండేళ్లు: ఒక తల్లి అనుభవం

మాది హనుమకొండ. మా బాబు ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో కాలేజీ మానేసి, గది తలుపు వేసుకుని కూర్చున్నాడు. అన్నానికి కూడా బయటకు వచ్చేవాడు కాదు. ఓ రాత్రి భయమేసి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేశాను. అక్కడి నుంచి సైకాలజిస్ట్ దాకా, ఆమె దగ్గర నుంచి అడవిలో నడక, క్యాంపులతో చేసే ఈ వైల్డర్‌నెస్ థెరపీ దాకా వచ్చాం.

అమెరికాలో ఈ చికిత్సకు పిల్లల్ని వారాల తరబడి అడవిలోనే ఉంచుతారు. బలవంతంగా తీసుకెళ్లడం, పిల్లలు చనిపోవడం కూడా అక్కడ జరిగాయని చదివి చాలా టెన్షన్ పడ్డాను. మా వాడు సరేనన్నాకే చేర్చాం. ఇక్కడ నెలకు మూడు రోజులే. పాకాల చెరువు చుట్టూ నడక, తాడ్వాయి వైపు క్యాంపు. వంట, గిన్నెలు, డేరా అన్నీ పిల్లల పనే. ఫోన్ ఉండదు.

మొదటి ఆరు నెలలు నాకు నచ్చలేదు. వాడు రాత్రి వేసుకునే మాత్ర సంగతి గైడ్‌కు ఎవరూ చెప్పలేదు. రెండు రాత్రులు నిద్ర లేకుండా గడిపి వచ్చాడు. మేం గట్టిగా అడిగాకే డాక్టరు, సైకాలజిస్ట్, గైడ్, మేము కలిసి ఒకే కాగితం మీద అన్నీ రాసుకోవడం మొదలైంది. మీరు చేర్చేముందు ఈ కాగితం అడగండి. సైకాలజిస్ట్ రిజిస్ట్రేషన్, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరమో కూడా అడగండి.

అసలు మార్పు పాండవుల గుట్టల్లో కుటుంబాల రోజున మొదలైంది. బాబు బండ ఎక్కుతుంటే కింద తాడు పట్టుకున్నది వాళ్ల నాన్న. "ఎడమ కాలు అక్కడ పెట్టు, పైకి చూడు" అంటూ ఒకటే చెబుతున్నారు. వాడు సగంలో ఆగిపోయాడు. గైడ్ మెల్లగా, "సార్, మీరు తాడు చూసుకోండి, దారి బాబు చూసుకుంటాడు" అన్నాడు. పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. వాడు ఎక్కేశాడు. గైడ్ ఆ సంగతి సైకాలజిస్ట్‌కు చెప్పాడు. తర్వాతి వారం ఆమె మా ఇద్దరినీ కూర్చోబెట్టి, చదువు విషయంలో ఇంట్లో మేం చేస్తున్నదీ అదేనా అని అడిగింది. మా వారికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మార్కుల మాట లేకుండా వాడికి ఒక ఉత్తరం రాయమన్నారు. నాకు నాలుగు రోజులు పట్టింది.

ఇప్పుడు ఇంటర్ పాసయ్యాడు. తలుపు ఇంకా కొన్ని రోజులు మూసే ఉంటుంది. కానీ ఆ రోజుల్లో "అమ్మా, ఇవాళ బాలేదు" అని ముందే చెప్పి మూస్తున్నాడు.