గంటకు వంద యెన్ల చల్లగాలి

రాత్రి రెండింటికి ఏసీ టక్కున ఆగిపోయింది. మా ఆవిడ చీకట్లో హ్యాండ్‌బ్యాగు తడుముతూ చిల్లర వెతకడం మొదలుపెట్టింది. గోడకు బిగించిన చిన్న డబ్బాలో వంద యెన్ల నాణెం వేస్తే గంటసేపు చల్లగాలి వస్తుంది. గంట కాగానే బంద్. ఆ గదికి రాత్రికి 32,000 యెన్లు కట్టాం. మేం వెళ్ళినప్పుడు యెన్ 57 పైసలు, కాబట్టి 18,000 రూపాయల పైమాటే. "మన గుంటూరులో కరెంటు పోతే వీధి మొత్తానికి పోయేది. ఇక్కడ డబ్బులిచ్చి మన ఒక్కళ్ళకే తెచ్చుకున్నాం" అంది ఆవిడ. నేను నిద్రపోతున్నట్టు నటించాను.

ఇది 2024 ఆగస్టు మాట. మా బావమరిది టోక్యోలో నిషి-కసాయిలో ఉంటాడు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేట, దోసెకూ సాంబారుకూ లోటు లేదు. "బావా, బేస్‌బాల్ సీజన్లో రండి, మీ క్రికెట్ పిచ్చి వదిలిస్తా" అని రెండేళ్ళుగా పోరుతున్నాడు. నేనూ, మా ఆవిడా, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయీ వెళ్ళాం. అసకుసా, షిబుయా వగైరాలు అందరూ చూసేవే, మేమూ చూశాం. ఫూజీ పర్వతం మబ్బుల్లోంచి బయటికే రాలేదు.

ముందు ప్రొఫెషనల్ ఆట. అక్కడ రెండు లీగులు, ఒక్కోదాంట్లో ఆరు జట్లు, మార్చి చివర్నుంచి అక్టోబరు దాకా ఒక్కో జట్టు 143 ఆటలు ఆడుతుంది. మేం చూసింది టోక్యో నడిబొడ్డునున్న జింగూ స్టేడియంలో, యాకుల్ట్ స్వాలోస్ వాళ్ళ సొంత గడ్డ మీద. 1926లో కట్టారు. 1934లో అమెరికా బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ వచ్చి ఆడింది కూడా ఇక్కడే. వసంతంలోనూ శరదృతువులోనూ ఇదే మైదానంలో పగలు ఆరు విశ్వవిద్యాలయాల లీగు ఆడతారు, రాత్రికి ప్రొఫెషనల్ వాళ్ళు దిగుతారు. కూల్చేసి కొత్తది కట్టాలని పథకం కూడా ఉంది, కాబట్టి చూడాలనుకునేవాళ్ళు తాత్సారం చేయొద్దు. మనిషికి 5,000 యెన్లు పెట్టి కూర్చున్నాం. స్వాలోస్ రన్ తీసినప్పుడల్లా వేలమంది చిన్న ప్లాస్టిక్ గొడుగులు తెరిచి పాట పాడుతూ ఊపుతారు. మా అమ్మాయి ఒక గొడుగు కొనిపించుకుంది. పెళ్ళి ఊరేగింపులా బాగుంది. బీరు పీపాలు వీపున కట్టుకుని ఆడపిల్లలు మెట్లెక్కి దిగడం చూసి మా ఆవిడ "పాపం, నడుములు ఏమవుతాయో" అంది. గ్లాసు 800 యెన్లు. ఆట నాకు పెద్దగా ఎక్కలేదు. అదంతా ముస్తాబు.

అసలు కథ కోషియెన్‌ది. మా బావమరిది చేసిన పొరపాటుతో మొదలైంది. ఒసాకా పక్కన నిషినోమియాలో ఉన్న ఈ మైదానం హన్షిన్ టైగర్స్ అనే ప్రొఫెషనల్ జట్టుది. 1924 ఆగస్టు 1న తెరిచారు, మేం వెళ్ళేసరికి సరిగ్గా నూరేళ్ళు. టైగర్స్ అభిమానుల గోల చూపిస్తానని మావాడు మే నెలలోనే మైదానానికి అయిదు నిమిషాల నడకలో గది బుక్ చేశాడు, డబ్బు వెనక్కి రాని పద్ధతిలో. ఆగస్టులో హైస్కూలు పిల్లల టోర్నమెంటు కోసం టైగర్స్ వాళ్ళు సొంతింటిని ఖాళీ చేసి ఊళ్ళు పట్టుకు తిరుగుతారని అతనికి తెలీదు. అమెరికాలో ఆడే జపాన్ స్టార్ ఒహ్తాని ఆటలు తప్ప ఏవీ చూడడు, ఇక్కడ సీజన్ గురించి నాకు పాఠాలు! "పోనీ బావా, పిల్లల ఆటే చూద్దాం" అన్నాడు నీరసంగా. మా ఆవిడ ముఖం చూడలేదు నేను.

ఆగస్టు 14న నోజొమి అనే షింకన్‌సెన్ బులెట్ రైల్లో బయల్దేరాం, మనిషికి దాదాపు 15,000 యెన్లు. ఒబోన్ సెలవులు. మన పెద్దల పండగలా అందరూ సొంతూళ్ళకు పోయే రోజులు. ఆ వారంలో నోజొమిలో రిజర్వేషన్ లేకుండా కూర్చునే పెట్టెలే ఉండవు. ముందే కొనుక్కోండి.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికల్లా అవుట్‌ఫీల్డ్ వైపు స్టాండ్లలో ఉన్నాం. టికెట్టు వెయ్యి యెన్లు, అంటే 570 రూపాయలు. ఆ రోజు నాలుగు ఆటలు, అన్నిటికీ అదే టికెట్టు. 2017 దాకా అవుట్‌ఫీల్డ్ ఉచితమేనట. దేశం మొత్తమ్మీద 3,400కు పైగా జట్లు ఒక్క ఓటమితో ఇంటికిపోయే పద్ధతిలో ఆడితే, చివరికి 49 జట్లు ఇక్కడికొస్తాయి. జిల్లాలాంటి ఒక్కో ప్రాంతానికి ఒకటి, టోక్యోకూ హొక్కాయిదోకూ రెండేసి. 1915లో మొదలైన టోర్నమెంటు, మేం చూసింది 106వది.

సైరన్ మోగింది. ఆట మొదలైనప్పుడూ అయిపోయినప్పుడూ మోగుతుంది. గుండ్లు గీయించుకున్న పిల్లలు వరసగా నిలబడి టోపీ తీసి వంగి దణ్ణం పెట్టి, పరుగున తమ చోట్లకు పోయారు. నడిచేవాడు ఒక్కడూ లేడు. అవుటైనవాడూ పరుగే. మెటల్ బ్యాటుకు బంతి తగిలితే "టింగ్" మని గుడి గంట చప్పుడు. పక్క స్టాండులో బడి బ్యాండు వాళ్ళు, ఒక్కో బ్యాటరుకు ఒక్కో పాట. తమ జట్టు బ్యాటింగ్ అయిపోగానే వాళ్ళు వాయిద్యాలు దించేస్తారు, అప్పుడు అవతలి బడివాళ్ళ వంతు. ఎదుటివాడు ఆడుతుంటే ఈలలు వేయడం లేదు. మా అమ్మాయి గంటలో ఫోను లోపల పెట్టేసి, ఓడిపోతున్న బడి తరఫున చేరిపోయింది.

గుంటూరు వాణ్ణి, ఎండ గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదనుకున్నాను. కానీ ఆ ఉక్క వేరు. ఇన్‌ఫీల్డ్ వైపు సీట్ల మీద కప్పు ఉంది, అవుట్‌ఫీల్డ్ వైపు నెత్తిన ఆకాశమే. అందుకే 2024లో మొదటి మూడు రోజులూ ఆటలను పొద్దున, సాయంత్రం అని విడగొట్టారు. మేం వెళ్ళింది ఆ తర్వాత. మమ్మల్ని కాపాడింది కచివారి. ప్లాస్టిక్ సంచీలో చితక్కొట్టిన ఐసు ముక్కలు, ఒక స్ట్రా. మా ఆవిడ మొదటిది తాగింది, రెండోది నెత్తిన పెట్టుకుంది, మూడోది మెడ వెనక. కూర అన్నం చాలా పేరున్నది, కానీ మాంసం ఉంటుంది. శాకాహారులు స్టేషను దగ్గరి కన్వీనియన్స్ స్టోర్లో ఊరేసిన ఉమే పండు పెట్టిన అన్నం ముద్దలు కొనుక్కెళ్ళండి, అప్పుడు ఒక్కోటి 150 యెన్ల లోపే. పుల్లగా, ఉప్పగా, దబ్బకాయ ఊరగాయ అన్నానికి దూరపు చుట్టంలా ఉంటుంది.

మధ్యాహ్నం పన్నెండింటికి ఆట ఆగింది. ఆటగాళ్ళు, అంపైర్లు, స్టాండ్లలో జనం అందరూ లేచి తల వంచారు. సైరన్ ఒక నిమిషం పాటు మోగింది. 1945లో యుద్ధం ముగిసిన రోజు అది. మనకు జెండా పండగ. పొద్దున మా ఆవిడ అమ్మాయి చొక్కాకు చిన్న జెండా గుచ్చింది. ఆ నిమిషంలో పక్కనున్న ముసలాయన దాన్ని చూశాడు, తర్వాత మా అమ్మాయికి వంగి దణ్ణం పెట్టాడు. అది ఏమనుకోవాలో దానికి తెలియలేదు, తనూ వంగింది.

ఆట ముగిశాక గెలిచిన బడి పాట వేస్తారు, పిల్లలు పాడతారు. ఓడిన పిల్లలు ఏడుస్తూ మోకాళ్ళ మీద కూర్చుని మైదానం మట్టి సంచుల్లోకి ఎత్తుకుంటారు. వాళ్ళలో ఆఖరి ఏడాది చదివేవాళ్ళు ఇక ఇక్కడికి రారు. నాలుగో ఆట దాకా మేం కదల్లేదు.

తిరిగి ఆ గదికి. నలుగురికి ఆరు తతామీ చాపల గది, సుమారు పది చదరపు మీటర్లు. పరుపులకు సిగరెట్ వాసన. సాయంత్రం నాలుగు కాందే బ్యాగులు కూడా పెట్టుకోనివ్వరు. ఏసీ డబ్బా సంగతి వెబ్‌సైట్ ఫోటోల్లో లేదు. రెండు రాత్రుల్లో నాణేలకే 1,900 యెన్లు పోయాయి. యజమాని మాట మాటకీ నడుం వంచేవాడు, వంచినంతసేపూ మన జేబు ఖాళీ అవుతూనే ఉంది.

అంతలో తుపాను. ఆగస్టు 16న ఏడో నంబరు తుపాను తూర్పు తీరం పక్కనుంచి పోతుందని టోక్యో–నగోయా మధ్య షింకన్‌సెన్ రోజంతా ఆపేశారు. ముందే ప్రకటించి, టికెట్ డబ్బు కోత లేకుండా తిరిగిచ్చారు. ప్రభుత్వ రైలు కూడా కాదది, అయినా ఒక్క ప్రశ్న లేదు. మన యజమాని మాత్రం ఇంకో రాత్రికి 46,000 యెన్లన్నాడు. 26,000 రూపాయలు! అదే గది, అదే డబ్బా. "సీజను కదా" అన్నాడట, మళ్ళీ వంగి. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసి తమ్ముడితోనే మాట్లాడింది, అదీ ముక్తసరిగా. ఒసాకా ఉమెదాలో 24,000కే శుభ్రమైన హోటలు దొరికింది, ఏసీ రాత్రంతా ఉచితం. అక్కణ్ణుంచి కోషియెన్ హన్షిన్ రైలులో పావుగంట, 280 యెన్లు. మైదానం పక్కన గది తీసుకోమని ఎవరు చెప్పినా వినకండి.

మావాడు ఆ వసతి మీద జపనీస్‌లో రివ్యూ రాశాడు. తర్జుమా చేయించుకుంటే "గాలి విషయంలో కాస్త ఆలోచించవలసి ఉండవచ్చునేమో" అన్నట్టుంది. అలా రాస్తే పొగిడినట్టే కదా! అందుకే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆగస్టు 23న ఫైనల్ టీవీలో చూశాం. క్యోతో కొకుసాయి, కాంతో దాయిచి. రెండోది మావాడు ఉండే ఎదొగవా వార్డులోని బడే! ఆ సంగతి వాడికి ఆ రోజు పొద్దున టీవీలో చెబితే తెలిసింది. తొమ్మిది ఇన్నింగ్స్‌లూ 0–0. పదో ఇన్నింగ్స్‌లో బేస్‌ల మీద ఇద్దర్ని ముందే నిలబెట్టి ఆడిస్తారు. క్యోతోవాళ్ళు రెండు తీశారు, మనవాళ్ళు ఒకటి. అప్పటికి మనవాళ్ళయిపోయారు. గెలిచిన బడికి కొరియన్ల బడిగా మూలాలున్నాయి, వాళ్ళ పాట కొరియన్ భాషలో వినిపించింది.

మావాడు టీవీ కట్టలేదు. చాలాసేపటికి "అక్కా, వాళ్ళ బడి ఇక్కణ్ణుంచి సైకిలు మీద వెళ్ళొచ్చు" అన్నాడు. మా అమ్మాయి అప్పటికే చెప్పులేసుకుంటోంది.