ఏడాది ఫైబర్ ప్లాన్‌కు డబ్బు కట్టే ముందు: సైట్ల నిలిపివేతపై ఒక హెచ్చరిక

తగ్గింపు వస్తుందని ఇంటి ఇంటర్నెట్‌కు ఏడాది డబ్బు ఒకేసారి కట్టబోతున్నవారు దయచేసి ఇది చదవండి. వృత్తి రీత్యా నేను రోజూ వాడే ఒక సాఫ్ట్‌వేర్ సైటు మా ఫైబర్ కనెక్షన్‌లో ఉన్నట్టుండి ఆగిపోయింది. రూటర్‌లో పచ్చ లైటు వెలుగుతూనే ఉంది, మిగతా సైట్లన్నీ వస్తున్నాయి, అదే సైటు ఫోన్ డేటాలో వెంటనే తెరుచుకుంటోంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం 'కనెక్షన్ రీసెట్' అన్న ముక్క తప్ప ఇంకేమీ కనబడదు. కస్టమర్ కేర్‌వారు ముందు రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు, తరువాత లోపం ఆ సైటులోనే ఉందన్నారు. గట్టిగా అడిగితే 'పైనుంచి వచ్చిన ఆర్డర్ సార్' అన్నారు గానీ, ఎవరి ఆర్డరో చెప్పమంటే నీళ్లు నమిలారు. మిగిలిన నెలల డబ్బు వాపసు ఇవ్వరట.

ప్రభుత్వం ఆదేశిస్తే ఏ సంస్థ అయినా పాటించక తప్పదు. సైట్లను నిలిపివేయించే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చే ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్‌ను 2015లో శ్రేయా సింఘల్ కేసులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఆదేశాన్ని దాచి, తప్పు సైటు మీదకు నెట్టడమే నా అభ్యంతరం. ఆ సెక్షన్ కింద 2009లో చేసిన నిబంధనల్లో 16వది ఈ ఆదేశాలను గోప్యంగా ఉంచమంటుంది కనుక, చందాదారుడికి కారణం తెలిసే దారి దాదాపు మూసుకుపోయింది. 2014 డిసెంబరులో గిట్‌హబ్ (ప్రోగ్రామర్లు కోడ్ ఉంచుకునే సైటు), విమియో (వీడియోల సైటు) వంటి 32 సైట్లపై నిలిపివేత ఆదేశాలు వచ్చాయి. 2022లో వీడియోలు చూసే వీఎల్‌సీ ప్లేయర్ తయారీదారుల సైటు మన దేశంలో చాలామందికి నెలల తరబడి తెరుచుకోలేదు. లీగల్ నోటీసు వెళ్లాక, నవంబరులో గానీ ఆ అడ్డు తొలగలేదు.

కొన్ని ఇంటర్నెట్ సంస్థలు డీఎన్‌ఎస్ (సైటు పేరును దాని నెట్ చిరునామాగా మార్చే వ్యవస్థ) దగ్గరే అడ్డుకుంటాయి, మరికొన్ని కనెక్షన్ మొదలయ్యే క్షణంలో బయటికి కనబడే సైటు పేరును పట్టుకుని తెంచేస్తాయి. రెండో పద్ధతిలో డీఎన్‌ఎస్ మార్చుకున్నా ఫలితం ఉండదు. ఒక కంపెనీలో రాని సైటు మరో కంపెనీలో రావడానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి మొదట నెల ప్లానే తీసుకుని, మీ పనికి తప్పనిసరైన సైట్లన్నీ వస్తున్నాయో లేదో చూసుకోండి, వాపసు షరతును లిఖితంగా అడగండి. ఇప్పటికే కట్టినవారు ఫిర్యాదుకు డాకెట్ నంబరు (నమోదు సంఖ్య) తీసుకుని, సమాధానం సరిగా లేకపోతే అదే సంస్థలో అప్పీళ్లు చూసే అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. నా అప్పీలు ప్రస్తుతం అక్కడే ఉంది.