డకోటా చప్పుడు కోసం మద్రాసు దాకా

2024 అక్టోబరు 6న చెన్నై మెరీనాలో ఎయిర్ షో అని పేపర్లో చూసి చెప్పగానే నాన్న అడిగిన మొదటి మాట, "డకోటా వస్తోందా?" డకోటా అంటే ప్రొపెల్లర్లతో ఎగిరే పాత రవాణా విమానం. కొత్త యుద్ధ విమానం రఫేల్ సంగతి అడగలేదు. నాన్న ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా చేశారు. అమ్మకి మాత్రం ఈ ప్రయాణం అస్సలు నచ్చలేదు. బుడమేరు వాగు మా బెజవాడని ముంచి నెల దాటిందంతే. సింగ్‌నగర్‌లో పిన్నివాళ్లు ఇంకా పరుపులు ఎండబెట్టుకుంటున్నారు. "ఇప్పుడు విమానాలేంట్రా?" అంది. "మొన్న వరదలో మేడల మీద అన్నం పొట్లాలు వేసిందెవరనుకున్నావ్?" అన్నారు నాన్న. ఆ మాటతో టికెట్లు బుక్ చేసేశాను.

శనివారం మధ్యాహ్నం బెజవాడలో వందే భారత్ ఎక్కితే రాత్రి పదింటికి చెన్నై సెంట్రల్. సీట్లు, ఏసీ బాగున్నాయి, పెద్దవాళ్లకి హాయి. కానీ ఆ బండి రేణిగుంట మీదుగా చుట్టూ తిరిగి పోతుంది. తిరుగు ప్రయాణంలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, టైములో పెద్ద తేడా ఏమీ లేదు, టికెట్ మాత్రం ఎంతో తక్కువ. మోకాళ్ల నొప్పులు లేనివాళ్లు రెండు వైపులా పినాకినే చూసుకోండి.

బస విషయంలో ఒక్కటి బాగా కలిసొచ్చింది. సెంట్రల్ పక్కనే పెరియమెట్‌లో కాకుండా ట్రిప్లికేన్‌లో లాడ్జి తీసుకున్నాను. గది ఇరుకు, బాత్రూంలో బకెట్‌కి చెవి లేదు, ఇరవై నాలుగు గంటల చెకౌట్ అని ఫోన్లో చెప్పి, తీరా దిగాక ఉదయం ఎనిమిదికే లెక్క అన్నారు. అరపూట డబ్బులు అదనంగా గుంజారు. అయినా మళ్లీ వెళ్తే ట్రిప్లికేన్‌లోనే దిగుతాను, ఎందుకంటే అక్కడినుంచి బీచ్‌కి నడిచిపోవచ్చు. ఆ రోజు నడక తప్ప ఏదీ పనిచేయలేదు. పొద్దున్నే రత్నా కేఫ్‌లో ఇడ్లీ తిన్నాం. ఇడ్లీ కనపడకుండా సాంబారు పోస్తారు, అడిగితే మళ్లీ పోస్తారు. మన బెజవాడ బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీకి అలవాటుపడ్డ నాలుకకి కూడా నచ్చింది. నాన్న మాత్రం "చట్నీలో కారం ఏదిరా?" అంటూనే ఉన్నారు.

షో పదకొండింటికి. మేం తొమ్మిదిన్నరకి వెళ్తే అప్పటికే ఇసక కనపడటం లేదు, తలలే. నీడ అన్నది లేదు. మెరీనాలో ఎయిర్ షో జరిగి ఇరవై ఏళ్లు దాటిందట, ఊరు ఊరంతా వచ్చేసింది. ఇసకలోకి దిగొద్దని నాన్న పట్టుబట్టి రోడ్డు పక్క ఒక ప్రహరీ గోడని ఆనుకుని నిలబడ్డారు. ఆ మొండితనమే మమ్మల్ని కాపాడింది.

ఎయిర్‌ఫోర్స్ గరుడ్ కమాండోలు హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని జారారు. రఫేల్ పోయాక చాలాసేపు చెవులు గింగురుమన్నాయి. గాల్లో విన్యాసాలు చేసే సూర్యకిరణ్ జట్టు గురించి అందరూ చెప్తారు, నేను చెప్పను. నేను చూసింది ఎక్కువగా నాన్న మొహాన్నే.

ముందు హార్వర్డ్ వినిపించింది. పాత ట్రైనర్ విమానం, ప్రొపెల్లర్ రెక్కల కొసలు గాలిని కోస్తూ చేసే గోల దానిది. తర్వాత డకోటా వచ్చింది. అప్పటిదాకా గొడుగు కింద ఉన్నాయన గొడుగు నా చేతికిచ్చి కళ్లు మూసుకున్నారు. "చూడరా నాన్నా" అంటే, "చూసేదేముంది, విను" అన్నారు. రెండు ఇంజన్లు, ఒక్కోదాంట్లో గుండ్రంగా పద్నాలుగు సిలిండర్లు. రెండూ ఒకే వేగంతో తిరక్కపోతే చప్పుడు వూం... వూం... అని అలల్లా ఊగుతుందట. పొద్దున స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పడం ఫిట్టర్ల పని. రాత్రంతా ఆయిల్ కింది సిలిండర్లలోకి దిగి నిలిచిపోతుంది, తిప్పకుండా మీట నొక్కితే లోపల రాడ్డు వంగిపోతుంది. అది చెప్తూ గాల్లోనే చేత్తో తిప్పి చూపించారు, పక్కనున్న తమిళ కుర్రాడు కాస్త జరిగాడు.

ఆ డకోటా మీద ఉండే నంబరు వీపీ 905, పేరు పరశురామ. 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంట్ జవాన్లని శ్రీనగర్‌లో దించిన డకోటాది ఆ నంబరు. ఇప్పుడు ఎగిరేది అదే విమానం కాదు. బ్రిటన్‌లో బాగు చేయించి 2018లో మన దళానికి అప్పగించిన ఇంకో డకోటాకి ఆ గుర్తుగా అదే నంబరు వేశారు. నాన్న ఈ తేడా రైల్లో ఇద్దరికి చెప్పారు, అడగకపోయినా.

ఒంటిగంటకి షో అయిపోయింది, అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఫోన్లో సిగ్నల్ లేదు, తాగడానికి చుక్క నీళ్లు దొరకలేదు, లక్షల మంది ఒకేసారి కదిలారు. మేం కదలకుండా గోడ దగ్గరే గంటన్నర కూర్చుని, తెచ్చుకున్న మూడు సీసాల్లో ఆఖరిది తాగి, సందుల్లోంచి లాడ్జికి నడిచాం. రాత్రి టీవీలో ఐదుగురు చనిపోయారని చెప్పారు. నాన్న అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నారు.

కొన్నేళ్ల కిందట బెజవాడలో కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్‌లో ఎయిర్ షో చూశాం. అది చిన్నది, యుద్ధ విమానాలు లేవు. కానీ మెట్ల మీద కూర్చుని చూసి, ఆటోలో ఇంటికొచ్చి భోంచేశాం. మెరీనాలో చూసింది పెద్దదే. మళ్లీ జరిగితే పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఇసకలోకి దిగకండి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు పట్టుకెళ్లండి, ఆ సాయంత్రం బండికి తిరుగు టికెట్ పెట్టుకోకండి. మేం సోమవారానికి పెట్టుకున్నాం కాబట్టి బతికిపోయాం.

నేను తీసిన వీడియో నలభై సెకన్లు. అందులో డకోటా ఈగంత ఉంది, సుండల్ (ఉడకబెట్టిన శనగలు) అమ్మే అబ్బాయి కేక మాత్రం గట్టిగా వినిపిస్తుంది. పినాకిని గూడూరు దాటాక నాన్న ఆ ఫోన్ చెవికి ఆనించుకుని మళ్లీ మళ్లీ విన్నారు. "ఈ సుండల్‌గాడు లేకపోతే కుడి ఇంజన్ ఎలా ఉందో చెప్పేవాణ్ణి" అన్నారు.