ఇంటి కాడ కారు పనికి ఏ జాకీ మంచిది – ట్రాలీ జాకీ చాన రోజులు వాడినంక నా మాట

మాది హన్మకొండ, నయీంనగర్ సైడు. ఇంట్ల ఒక పెట్రోల్ స్విఫ్ట్ ఉన్నది, బాపుది పాత ఆల్టో ఒకటి ఉన్నది, రెండింటికి టైర్లు రొటేషన్ చేసుడు, బ్రేక్ ప్యాడ్లు మార్చుడు, ఇంజన్ ఆయిల్ పని చాన వరకు వాకిట్లనే నేనే చేసుకుంట. జాకీ కొనాలనుకునేటోళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒక్కటే, అన్నా రెండు టన్నులది సరిపోతదా మూడు టన్నులది కావాల్నా అని. ఫస్టు చూడాల్సింది అది కానే కాదు. పెట్రోల్ స్విఫ్ట్ ఖాళీగ ఉంటే బరువు టన్ను లోపే, అండ్ల మనం లేపేది ఒక మూల మాత్రమే, అంటే రెండు టన్నులని రాసి ఉన్న మంచి జాకీ ఏదైనా ఆ బరువును మోస్తది. చిన్న కారు కింద ప్రమాదం బరువుతోని రాదు, జాకీ పక్కకు ఒరుగుడుతోని, బండి జారుడుతోని వస్తది. గందుకే నేను చూసేది అడుగు ఎంత వెడల్పున్నది, కిందికి ఎంత దిగుతది, పైకి ఎంత లేస్తది, గీ మూడే. టన్నులు వీటి తర్వాత.

కారుతోని కంపెనీ ఇచ్చే సీజర్ జాకీ, అంటే మర తిప్పితే కత్తెర లెక్క తెరుచుకొని లేచేది ఉంటది కదా, దాన్ని తీసిపారేయమని నేను చెప్ప. అది మర కాబట్టి ఆయిల్ లీకై తనంతట తాను దిగే సమస్యే ఉండదు, రోడ్డు మీద పంచరైతే స్టెప్నీ ఎక్కించుకునేతందుకు అది చాలు. కాని దాని అడుగు అరచెయ్యి అంత, బండి రవ్వంత ముందుకో వెనకకో కదిలితే అదే ఒరుగుతది. పరకాల రోడ్డు పక్కన రేగడి నేలల బండి దింపినమనుకో, జాకీ లోపలికి కూరుకపోతది, అందుకని డిక్కీల ఒక మందం చెక్క పలక ఎప్పుడూ పెట్టుకోవాలె. బండితోని వచ్చే మాన్యువల్ల కూడ రాసే ఉంటది, ఈ జాకీ టైరు మార్చుటానికే, దీని మీద బండి ఉండంగ కిందికి పోవద్దని.

బాటిల్ జాకీ, అంటే సీసా లెక్క నిలువుగ ఉండే ఆయిల్ జాకీ, దాని మీద మన దగ్గర మస్తు నమ్మకం, ఎందుకంటే ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తెచ్చే గూడ్సు బండ్ల డ్రైవర్లందరి దగ్గర అదే ఉంటది. వాళ్లకు అది కరెక్టే, బండి ఎత్తు, కింద యాక్సిల్ గట్టిగ ఉంటది, అక్కడ పెట్టి లేపుతరు. కారుకు వచ్చేసరికి బాటిల్ జాకీ పూర్తిగ దించినా చాన మోడళ్లు 180, 200 మిల్లీమీటర్ల ఎత్తుంటయి, స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్సే, అంటే బండి అడుగుకు నేలకు నడుమ జాగనే, 163 మిల్లీమీటర్లు, టైరుల గాలి పోతె ఇంకా కిందికి దిగుతది, ఇగ జాకీ లోపలికి పోయేదెట్ల? పోయినా పైన తల చిన్నగ ఉంటది, కారు అంచు దాని మీద నిలువది. ఎస్‌యూవీ ఉన్నోళ్లు ఆలోచించొచ్చు, చిన్న కారుకు నేను వద్దనే అంట.

ఇగ మిగిలింది ట్రాలీ జాకీ, అంటే చక్రాల మీద దొర్లే ఆయిల్ జాకీ. వీటిల్ల చిన్న రెండు టన్నులది డబ్బాల పెట్టి అమ్ముతరు, చూసుటానికి మంచిగుంటది, మోసుడు అల్కగ ఉంటది. మా బామ్మర్ది దగ్గర అదే ఉన్నది, నేను కూడ చానసార్లు వాడిన. దాంతోని బండి లేస్తది గని స్టాండు, అంటే లేపిన బండిని మోసే ఇనుప కాళ్ల దిమ్మె, పెట్టేంత ఎత్తు రావాలంటే కింద చెక్క పెట్టాలె, ఎత్తు కోసం జాకీ కింద చెక్క పెట్టుడు మొదలైందంటే దాని స్థిరం పోయినట్టే. హ్యాండిల్ కూడ పొట్టిది, ప్రతిసారి బండికి ఆనుకొని వంగి కొట్టాలె. నాది మూడు టన్నులది, కిందికి దించితే 135, పైకి 400 మిల్లీమీటర్ల దాక పోతది, హ్యాండిల్ పొడుగు కాబట్టి బండికి దూరంగ నిలబడి లేపుత. కష్టం ఏందంటే బరువు, ముప్పై కిలోల పైననే ఉంటది, మెట్లెక్కించాలంటే ఇద్దరు కావాలె, డిక్కీల వేసుకొని తిరిగేది కాదు. అపార్ట్‌మెంట్ల పైఅంతస్తుల ఉండేటోళ్లు కింద పెట్టుకునే జాగ చూసుకున్నంకనే కొనుండ్రి.

ఒక విషయం మాత్రం జర ఎక్కువ చెప్త, ఎందుకంటే అమ్మేటోళ్లు చెప్పరు. ట్రాలీ జాకీ చెయ్యి నిలువుగ పైకి లేవది, వంపు తిరుగుతది, అంటే లేపుతున్నకొద్ది పైన ఉన్న గిన్నె కొంచెం ముందుకు, మళ్ల వెనకకు కదులుతది. చక్రాలకు మనం అడ్డం పెట్టినంక బండి కదలదు కదా, అప్పుడు జాకీయే తన చక్రాల మీద దొర్లాలె. అది దొర్లకపోతె గిన్నె బండి అంచు మీది నుంచి జారుతది. మా వాకిట్ల షాబాదు బండలు పరిచినం, బండ మీద మంచిగ దొర్లుతది గని రెండు బండల నడుమ సందు వెడల్పుగ ఉన్న కాడ జాకీ ముందు చక్రం ఇరుకుతది, గిన్నె ఒక పక్కకు గుంజుతున్నట్టు కండ్లకే కనబడతది. గందుకే ఆ సందులన్నీ సిమెంటుతోని నింపించిన. మట్టి వాకిలి ఉన్నోళ్లు ట్రాలీ జాకీ నేరుగ మట్టి మీద పెట్టొద్దు, మందం ఇనుప రేకో పెద్ద ప్లైవుడ్ పలకో పరిచి జాకీ మొత్తం దాని మీదనే దొర్లేటట్టు చూసుకోవాలె. వాలు ఉన్న కాడ అసలే వద్దు.

అడ్డం పెట్టుడు గురించి కూడ చెప్పాలె. స్విఫ్ట్, ఆల్టో లాంటి బండ్లకు హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలనే పట్టుకుంటది, గేరుల పెడితే ముందు చక్రాలు ఆగుతయి. ముందు ఒక చక్రం గాలిల లేపినంక గేరు మీద భరోసా ఉండదు, డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలను వేరే వేరే స్పీడుల తిరగనిచ్చే గేర్ల సెట్టు, ఉన్నది కాబట్టి గాలిల ఉన్నది తిరుగుతది, కింద ఉన్నది దొర్లుతది. వెనక రెండు చక్రాలు లేస్తె హ్యాండ్ బ్రేక్ ఉండి ఉపయోగం లేదు. ఏ వైపు లేపితే దానికి ఎదురు వైపు చక్రాలకు ముందు వెనక రెండు దిక్కుల చెక్క దిమ్మెలు పెట్టుండ్రి, గుండ్రటి రాళ్లు కాదు, ఏటవాలుగ కోసిన దిమ్మెలు, సామిల్లుల చెప్తె కోసిస్తరు.

లేపే జాగ మాన్యువల్ల బొమ్మ గీసి ఉంటది, డోర్ల కింద అంచుకు రెండు గాట్లు ఉంటయి, ఆ రెండు గాట్ల నడుమనే. ఉట్టి గిన్నె పెడితే ఆ అంచు ఒంగుతది, పెయింట్ పోతది, ఆ తర్వాత వానకాలంల అక్కడి నుంచే తుప్పు మొదలైతది. నడుమ గాడి ఉన్న రబ్బరు ప్యాడ్ దొరుకుతది, తప్పకుంట తీసుకోండ్రి. ఇంజన్ ఆయిల్ చాంబర్ కింద పెట్టి లేపుడు మాత్రం ఎన్నడూ చేయొద్దు, అది పల్చటి రేకు.

ఇప్పుడు అసలు మాట. జాకీ పని లేపుడు వరకే, పట్టుకునేది స్టాండు. జాకీల బండి బరువంతా ఒక రబ్బరు సీల్ మీద, లోపలున్న ఆయిల్ మీద ఆగి ఉంటది, సీల్ పోయే ముందు మనకు చెప్పిపోదు. నా జాకీ కొత్తగ ఉన్నప్పుడు లేపి వదిలేస్తె పొద్దుందాక గట్లనే ఉండేది, ఇప్పుడు కొన్ని గంటల్లనే కొంచెం దిగుతది, కండ్లకు వెంటనే తెల్వది గని స్కేలు పెడితే తెలుస్తది. బండి ఎప్పుడూ స్టాండ్ల మీదనే ఉంటది కాబట్టి నాకు దాంతోని ఇబ్బంది లేదు. పైసలు తక్కువుంటే జాకీల తగ్గించుకోండ్రి, స్టాండ్లల తగ్గించుకోవద్దు. స్టాండ్లు రెండు రకాలు, రంపం లెక్క పండ్లు ఉండి లివర్‌తోని ఆగేవి ఒకటి, రంధ్రాలల్ల పిన్ను దూర్చేవి ఇంకోటి. 2020ల అమెరికాల హార్బర్ ఫ్రైట్ కంపెనీ తన పండ్ల స్టాండ్లు లక్షల్ల వాపస్ పిలిచింది, బరువు మీదున్నప్పుడు పండ్ల నుంచి పట్టు జారి స్టాండు ఒక్కసారి దిగే అవకాశం ఉన్నదని. అది చదివినంక నేను పిన్ను రకమే తీసుకున్న, ఎత్తు నాలుగైదు మెట్లే దొరుకుతది గని పిన్ను దూరిందా లేదా కండ్లతోని చూడొచ్చు. పండ్లవి ఉన్నోళ్లు లివర్ పూర్తిగ కిందికి దిగిందా చూసి, బండి మెల్లగ దాని మీదికి దించి, చేతులతోని గట్టిగ ఊపి చూసినంకనే కిందికి పోవాలె. నేను ఊపి చూసుడే కాదు, విప్పిన టైరును కూడ బండి కింద అడ్డంగ పెడత.

మెయింటెనెన్స్ పెద్దగ ఏం లేదు. పని అయినంక పూర్తిగ దించి పెట్టాలె, అప్పుడు లోపలి రాడ్డు ఆయిల్లనే ఉంటది, తుప్పు పట్టదు. హ్యాండిల్ కొడుతుంటే మెత్తగ పోయి బండి లేస్తలేదంటే లోపల ఆయిల్ల గాలి చేరింది, దించే వాల్వ్ తిప్పి వదిలి బరువు లేకుండ పదిసార్లు కొడితే చాన వరకు పోతది. ఆయిల్ తగ్గితే హైడ్రాలిక్ జాకీ ఆయిలే పోయాలె. బ్రేక్ ఆయిల్ పోస్తె సీల్ ఉబ్బి పాడైతది, ఈ సలహా ఎవరిచ్చినా వినొద్దు. మా ఎండకాలంల రేకుల షెడ్డు కింద పెడితే సీల్ దగ్గర కొంచెం చెమ్మ వస్తది, ఇప్పుడు నీడకు మార్చిన, తగ్గింది.

షాపుల కొనేటప్పుడు ఒకటే స్టిక్కర్లు చూసుకుంట కూసోకుండ్రి, ఒకే డిజైన్ వేరే వేరే పేర్లతోని అమ్ముతరు. వెల్డింగ్ అతుకులు పూర్తిగ ఉన్నయా, చెయ్యి పక్కలకు ఊగుతదా చూడుండ్రి. షాపాయన ఒప్పుకుంటే ఆయన బండినే ఒక మూల లేపి, దించే వాల్వ్ కొంచెం కొంచెం తిప్పి చూడుండ్రి. మెల్లగ దిగితే తీసుకోండ్రి. రవ్వంత తిప్పంగనే దభ్‌మని పడితే, ధర ఎంత తక్కువ చెప్పినా అది అక్కడనే పెట్టి రాండ్రి.